చేల కాపుదలకు చిన్న తుపాకి



పైరు పండించుట యొక యెత్తు, పండిన పైరును ఇల్లు చేర్చుకొనుట మరియొక యెత్తు. మా తిరువూరు ప్రాంతమున మెట్టయు మాగాణియు కలిసి యున్నవి. మామిడి, మొక్కజొన్న, మిరప, ప్రత్తి పండించు రైతులము. రాత్రివేళ అడవిపందులు మొక్కజొన్నలో దిగినచో తినునది కొంత, త్రొక్కి పాడుచేయునది అంతకంటె నెక్కువ. కంకిమీద చిలుకలు, తోటలో ఉడుతలు, గట్లలోను గాదెల క్రిందను పందికొక్కులు. ఈ బాధకు తాళలేక “ఒక చిన్న తుపాకి యున్న చాలును గదా” యని నన్నడుగువారు పలువురు కలరు. వారికి నాకు తెలిసిన సంగతులను, నేను చేసిన తప్పుతో సహా, ఈ దినమున మనవి చేయదలచితిని.

ముందుగా తుపాకి స్వరూపమును తెలిసికొందము. చేల కాపుదలకు వాడు తుపాకుల గొట్టము లోపల మరలు లేక నున్నగా నుండును. దానిలోనుండి ఒక్క గుండు గాక, సన్నని సీసపు గుండ్లు గుంపుగా వెలువడును. మన తాతల నాడు గొట్టపు మూతినుండి మందును, గుండ్లను కూరి కాల్చు నాటు తుపాకులే యెక్కువ. తరువాత, మందును గుండ్లను ఒకే గొట్టములో నమర్చిన తూటాలు వచ్చినవి.

పన్నెండు బోరు అను మాట మీరు వినియే యుందురు. ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో, ఒక్కొక్క గుండు ఎంత లావుండునో గొట్టపు లోపలి వెడల్పు అంత యని దాని యర్థము. అది సుమారు పదునెనిమిదిన్నర మిల్లీమీటర్లు. 410 బోరు అనునది ఆ లెక్కకు చెందదు. అంగుళమును వేయి భాగములు చేసి, అందు 410 భాగముల వెడల్పని గ్రహింపవలెను. అనగా పది మిల్లీమీటర్లకు కొంచెము పైన. ఆంగ్లేయుల కాలమున రైఫిళ్లను మార్చి ఈ 410 బోరు తుపాకులుగా చేసి మన దేశపు పోలీసుల కిచ్చిరి.

పన్నెండు బోరు తూటాలో సుమారు 32 గ్రాముల గుండ్లు పట్టును. 410 బోరు పొట్టి తూటాలో 14 గ్రాములే పట్టును. ఆరవ నంబరు గుండ్లయినచో మొదటిదానిలో మున్నూరు, రెండవదానిలో నూటముప్పది యుండును. కావున చిన్న తుపాకి చప్పుడు తక్కువ, భుజముపై తన్ను తక్కువ. కాని పాతిక గజములు దాటిన పిమ్మట గుండ్లు పలుచబడి గురి తప్పును. గాదెలోని పందికొక్కునకు, దగ్గరి కొమ్మపై నున్న చిన్న జంతువునకు చాలును. అంతకు మించి దానివలన పని లేదు.

ఇక నా తప్పు చెప్పెదను. 1968వ సంవత్సరమున జొన్న కంకి పాలుపోసికొని గట్టిపడుచున్న దినములవి. మా నాయనగారికి అనుమతితో ఒక 410 బోరు తుపాకి యుండెడిది. అనుమతి ఆయన పేర. నా పేర కాదు. ఆయన ఊర లేనపుడు దానిని చేతబట్టుట నా మొదటి తప్పు. తెల్లవారుజామున చిలుకల గుంపు చేనిపై వ్రాలినది. “చిన్న తుపాకి గదా, ఏమగును?” అనుకొని, అవి లేచి పోవుచుండగా కంకుల యెత్తున అడ్డముగా కాల్చితిని. ఒక్క చిలుకయు పడలేదు. ఎనుబది గజముల యవతల, ప్రక్క చేని మంచెపైనుండి ఒక పిల్లవాని కేక వినబడినది.

పరుగెత్తి పోయి చూచితిని. వడిసెల చేతబట్టుకొని నిలిచిన పండ్రెండేండ్ల బాలుడు. ముంజేతిలో రెండు గుండ్లు, చెంపపై ఒకటి. ఆ మూడవది కంటికి అంగుళము క్రింద తగిలినది. వైద్యుడు చెంపలోనిదియు, చేతిలోని యొకటియు తీసెను. రెండవది లోతున నిలిచిపోయినది. బాలుని తండ్రి నన్ను కొట్టలేదు, తిట్టలేదు. “అబ్బాయీ, నీ గుండు చిలుకను చంపలేకపోయినది. నా బిడ్డ కన్నును మాత్రము తీయగలిగెడిది” అనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది. నాయనగారు తిరిగివచ్చి విని, ఆ దినముననే తుపాకిని పెట్టెలో పెట్టి తాళము వేసిరి.

చిన్న తుపాకిలోని అసలు ప్రమాద మిదియే. ముప్పది గజములు దాటిన గుండు పందికి గీటు మాత్రమే. కాని ఆరవ నంబరు గుండు ఎత్తి కాల్చినచో రెండు వందల గజములకు మించి పోయి పడును. పని చేయు దూరము పాతిక గజములు, హాని చేయు దూరము అంతకు ఎన్నియో రెట్లు. గురి వెనుక నేమున్నదో కంటికి కనబడనిదే కాల్చరాదు. మొక్కజొన్న కదలినంత మాత్రమున పంది యని యెంచరాదు; కాపలావాడు కావచ్చును, నీళ్లు కట్టవచ్చిన పొరుగువాడు కావచ్చును.

అడవిపందిపై సన్నగుండ్లు ప్రయోగించుట మరింత చెడ్డది. దాని చర్మము, భుజముపైని మందపు కండ వాని నాపివేయును. గాయపడిన పంది పొదలో దాగి, మరునాడు కూలికి పోవు మనిషిపై పడును. చంపలేని ఆయుధముతో కొట్టుట జంతువునకు హింస, మనకు ముప్పు.

చట్టము సంగతి పెద్దలు తప్పక తెలిసికొనవలెను. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టములోని 13వ సెక్షను, పంటల కాపుదలకు మూతినుండి మందు కూరు తుపాకికి అనుమతి నిచ్చుటను గూర్చి చెప్పుచున్నది. అది చాలదని అధికారికి తోచినచో, 20 అంగుళములకు తక్కువ కాని నున్నని గొట్టపు తుపాకికి అనుమతి నీయవచ్చును. ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి అనుమతి లేదు. 2019వ సంవత్సరపు సవరణ పిమ్మట అనుమతి గడువు అయిదేండ్లు. ఇంటిలో చేసికొన్న తుపాకి, అనుమతి లేని తుపాకి నేరమే.

తుపాకికి అనుమతి యున్నంత మాత్రమున జంతువును చంపుటకు అనుమతి యున్నట్లు కాదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపందిని, చిలుకను, నెమలిని కాపాడుచున్నది. పంటకు నష్టము కలిగించు పంది విషయమున, 11వ సెక్షను ప్రకారము ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన యధికారి గాని వ్రాతపూర్వకముగా అనుమతి నీయవలెను. నష్టము జరిగిన వెంటనే అటవీశాఖవారికి అర్జీ పెట్టుట మేలు.

మరి చేయదగిన దేమి? చిలుకలకు వడిసెల, రేకు డబ్బా, మెరయు రిబ్బనులు. అవియు దినదినము చోటు మార్చినగాని పనిచేయవు. పందికొక్కులకు తుపాకి యసలే వలదు. చేని గట్లను సన్నగా నుంచి కలుపు తీసి, ఊరంతయు ఒకే దినమున ఎర పెట్టవలెను. ముందు రెండు దినములు మందు లేని నూకలు పెట్టి మరపవలెను. మూడవ దినమున 96 పాళ్లు నూకలు, రెండు పాళ్లు నూనె, రెండు పాళ్లు జింకు ఫాస్ఫైడు కలిపి బొరియలలో వేయవలెను. అది మనుష్యులకును పశువులకును విషమే గనుక చేతితో తాకరాదు, పిల్లలకు అందనీయరాదు. ఒక్కరే పెట్టినచో ప్రక్క చేని పందికొక్కులు మరల వచ్చి చేరును.

పందులకు పొలము చుట్టు గట్టి కంచె, వంతులవారీ కాపలా. కంచెకు కరెంటు తీగను కలుపుట, నాటుబాంబులు పెట్టుట ఎన్నటికిని చేయరాదు. అవి పందికంటె ముందు మనిషిని చంపును.

పెద్దలకు నా మనవి యిది. మీ ఊర అనుమతి గల తుపాకి ఎవరి యింట నున్నదో, తూటాలు వేరుగా తాళము వేసి యున్నవో లేదో విచారింపుడు. ఏ రాత్రి ఎవరు ఏ మంచెపై నుందురో అందరికి తెలియునట్లు చేయుడు. యువకుల చేతి కీయబోవువారిని వారింపుడు. ఆనాటి బాలుడు నేడు మనుమలను ఎత్తుకొన్న పెద్దమనిషి. ఆయన ముంజేతిలో ఆ గుండు ఇప్పటికిని చర్మము క్రింద చేతికి తగులును. సంక్రాంతికి కలిసినపుడెల్ల నేను ఆ చేయి పట్టుకొని చూతును. ఒక బుట్టెడు జొన్నలు పోయినను మరల పండించుకొనవచ్చును; కన్నును పండించుకొనలేము.