బాలెంత పథ్యము



వయస్సుతోపాటు ఆహారము మారవలయునని మనము ఎఱుగనిది కాదు. శిశువునకు అన్నప్రాశనము చేయుట అందులకే గదా! ఆఱు నెలలు నిండిన పిదప తల్లిపాలు మాత్రమే చాలవు. అయితే ఆ పాలిచ్చు తల్లి విషయముననే మనము పొరపడుచున్నాము.

మా యమ్మాయి పురిటికి వచ్చినపుడు నేనే పథ్యము పెట్టించితిని. కారప్పొడి, వెల్లుల్లి, పాతబియ్యపుటన్నము, అంతియే. పప్పు వలదంటిని, ఆకుకూర వలదంటిని. మంచినీళ్లు సైతము కొలిచి యిప్పించితిని. నీళ్లు త్రాగిన పొట్ట పెరుగునని మా యత్తగారి మాట! మూడవ వారమునకు పిల్ల లేచి నిలిచినచో కన్నులు తిరుగుచుండెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి 2020 నాటి లెక్క చూడుడు. గర్భిణికి దినమునకు అదనముగా వలసినది 350 కెలోరీలు; బాలెంతకు తొలి ఆఱు నెలలు 600, అనగా ఇంచుమించు ఒకపూట భోజనము. నేను ఆ పూటనే తగ్గించితిని.

నాడే పప్పును తోటకూరయు వండించి, నీళ్లచెంబు ఆమె చేతికే యిచ్చితిని.