కిటికీ కొలత



ఇంటికి తలుపు మనుషుల రాకపోకల కోసం. మరి కిటికీ దేని కోసం? గాలి కోసం, వెలుతురు కోసం. ఇంట్లో ఎక్కువసేపు ఉండేది ఎవరు? ఆడవాళ్లు, పసిపిల్లలు, ముసలివాళ్లు. గాలి ఆడకపోతే ముందు బాధపడేదీ వాళ్లే. అయినా కిటికీ ఎక్కడ పెట్టాలో, ఎంత పెట్టాలో వాళ్లను ఎవరూ అడగరు.

ఈ రోజు ఆ కిటికీ గురించే చెప్పుకుందాం. పుచ్చిపోయిన పాత కిటికీని తీసి, అదే చోట కొత్త కిటికీ పెట్టుకోవడం ఎలాగో తెలుసుకుందాం. ఇది ఇంట్లోవాళ్లు చేసుకోగల పనే.

సాలూరు చుట్టుపక్కల ఊళ్లలో మట్టిగోడల ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటిలో చాలా వంటిళ్లకు కిటికీ జానెడే ఉంటుంది. కొన్నింటికి అదీ ఉండదు. ఎందుకని అడిగితే తలో మాట చెబుతారు. "కిటికీ పెద్దదైతే దొంగ వస్తాడు" అని ఒకరు. "వానజల్లు కొడతాది" అని ఒకరు. "ఆడపిల్ల ఊరికే వీధిలోకి చూస్తాది" అని ఇంకొకరు.

దొంగకు అడ్డం ఊచలు ఉన్నాయి. వానకు అడ్డం రెక్కలు ఉన్నాయి. ఆడపిల్ల వీధి చూస్తే వచ్చే నష్టం ఏమీ లేదు. ఆ పిల్ల పొగ మింగితే వచ్చే నష్టం మాత్రం చాలా ఉంది.

పొగ సంగతి చూడండి. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది. 2016లో దేశమంతటా ఉజ్వల పథకం వచ్చింది. చాలా ఇళ్లకు గ్యాసు వచ్చింది. అయినా నీళ్లు కాచడానికీ, సిలిండరు అయిపోయినప్పుడు వంటకీ కట్టెల పొయ్యి వెలుగుతూనే ఉంది. ఇంట్లోని పొగవల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. వాళ్లలో 2 లక్షల 30 వేల మందికి పైగా అయిదేళ్లు నిండని పసిపిల్లలే.

కిటికీ పెడితే పొగ అంతా పోతుందా? పోదు. కాని చాలా తగ్గుతుంది. వేడి పొగ పైకి పోతుంది. అందుకని గోడకు పైభాగాన ఒక కన్నం, దానికి ఎదురుగా కిందగా ఒక కిటికీ ఉంటే మంచిది. కింద నుంచి మంచి గాలి వస్తుంది. పై నుంచి పొగ పోతుంది. ఒకే ఒక్క కిటికీ ఉంటే గాలి సరిగా తిరగదు.

క్షయ జబ్బు కూడా గాలి ద్వారానే అంటుకుంటుంది. జబ్బు మనిషి దగ్గితే క్రిములు గదిలో నిలిచి ఉంటాయి. కిటికీలు తెరిచి ఉంటే అవి పలచబడిపోతాయి. మందులు వాడటం మానకూడదు. కిటికీ మూయకూడదు. రెండూ కావాలి.

"కిటికీ తెరిస్తే దోమలు రావా?" అంటారు. మంచి ప్రశ్నే. మలేరియా అంటే సాలూరు కొండ ఊళ్లవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ జబ్బును దోమ మోస్తుందని మొదట కనిపెట్టింది మన తెలుగునేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. తరువాత 1900లో ఇటలీ దేశంలో ఒక పరీక్ష జరిగింది. రోము నగరం దగ్గర చిత్తడి నేలల్లో జ్వరాలు ఎక్కువ. అక్కడ సాంబన్, లో అనే ఇద్దరు డాక్టర్లు తమవాళ్లతో కలిసి ఒక గుడిసెలో ఉన్నారు. దాని తలుపులకు, కిటికీలకు సన్నని వల బిగించారు. పొద్దు గూకకముందే లోపలికి వెళ్లిపోయేవారు. జ్వరాల కాలం గడిచిపోయింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు మలేరియా వచ్చింది. ఆ గుడిసెలో ఉన్నవాళ్లకు రాలేదు.

అంటే కిటికీ మూసుకోనక్కర్లేదు. వల బిగిస్తే చాలు. గాలి వస్తుంది, దోమ రాదు.

ఇక పనిలోకి దిగుదాం.

ముందు ఒక హెచ్చరిక. కిటికీ లేని గోడకు కొత్తగా కన్నం కొట్టే పని సొంతంగా చేయవద్దు. ఆ గోడ కప్పు బరువు మోస్తూ ఉంటుంది. దానికి తాపీమేస్త్రీ కావాలి. పాత కిటికీ ఉన్న చోటే కొత్తది పెట్టేటప్పుడు కూడా దాని పైన ఉన్న దూలాన్ని చూడండి. పొడుచుకు చూస్తే పొడి రాలుతుందా? మూలల నుంచి గోడ ఏటవాలుగా పగిలిందా? అలా ఉంటే కిటికీని ముట్టుకోవద్దు. మేస్త్రీని పిలవండి. దూలం గట్టిగా ఉంటేనే ముందుకు వెళ్లండి. అద్దె ఇల్లయితే ఇంటివాళ్లతో ముందే మాట్లాడండి.

పనికి ఎండాకాలం మంచిది. వానలు మొదలుకాకముందే పూర్తి కావాలి. మనుషులు ఇద్దరు కావాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు బిగించాలి.

మొదటి పని కొలత. టేపు తీసుకోండి. టేపు మీద అంకెలు చదవడం మీకు వచ్చును. 12 అంగుళాలు 1 అడుగు. కన్నం వెడల్పును మూడు చోట్ల కొలవండి. పైన, మధ్యన, కింద. పాత గోడ ఎక్కడా ఒకేలా ఉండదు. ఒక ఇంట్లో ఇలా వచ్చిందనుకోండి:

పైన 24 అంగుళాల పావు.
మధ్యన 24 అంగుళాలు.
కింద 24 అంగుళాల అర.

ఇందులో ఏది తీసుకోవాలి? అన్నిటికన్నా చిన్నది. అంటే 24. అందులోంచి అర అంగుళం తీసేయాలి. చట్రం వెడల్పు 23 అంగుళాల అర. ఆ అర అంగుళం సందు ఎందుకంటే, చట్రాన్ని అటూ ఇటూ సర్ది నిలబెట్టడానికి. ఎత్తును కూడా ఇలాగే మూడు చోట్ల కొలవాలి. ఇక్కడా చిన్న కొలతే తీసుకోవాలి.

ఆ తరువాత ఐమూలగా కొలవండి. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు ఒకసారి. పై కుడి మూల నుంచి కింది ఎడమ మూలకు ఒకసారి. రెండు కొలతలూ ఒక్కటే వస్తే కన్నం సరిగా ఉన్నట్టు. తేడా వస్తే కన్నం పక్కకు వాలినట్టు. అప్పుడు చట్రం ఇంకొంచెం చిన్నది కావాలి.

ఈ లెక్కలన్నీ ఒక చీటీ మీద రాయండి. వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, గోడ మందం ఇంత అని రాయండి. తేదీ వేయండి. కింద మీ సంతకం చేయండి. ఒక చీటీ మీ దగ్గర ఉంచుకోండి. రెండోది చట్రం చేసేవాళ్లకు ఇవ్వండి.

సాలూరుకు లారీల ఊరని పేరు. ఇక్కడ లారీలకు బాడీలు కడతారు. కర్రపని చేసేవాళ్లు, వెల్డింగు చేసేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. చట్రం కర్రదైనా, ఇనుముదైనా చేయించుకోవచ్చు. కొలత సరిగా రాసిస్తే పని సరిగా వస్తుంది. చట్రం పెద్దదైపోతే గోడ చెక్కాలి. చిన్నదైపోతే సందులు పూడ్చాలి. "కొలత మీరే తప్పు చెప్పారు" అని ఎవరైనా అంటే చీటీ తీసి చూపించవచ్చు. నోటిమాటకు సాక్ష్యం ఉండదు. రాసిన మాటకు ఉంటుంది.

చట్రం తెచ్చాక దాన్నీ ఒకసారి కొలవండి. కొలిచాకే డబ్బు ఇవ్వండి. కర్రదైతే గోడకు తగిలే వైపు తారు పూయండి. చెదలు తొందరగా పట్టవు.

రెండో పని పాత కిటికీ తీయడం. ముందు రెక్కలు విప్పేయండి. ఊచలు తీయండి. అప్పుడు చట్రం కింది కర్రను మధ్యలో రంపంతో కోయండి. రెండు ముక్కలనూ నెమ్మదిగా లోపలికి లాగండి. గునపం పెట్టి గోడను పెళ్లగించవద్దు. మట్టిగోడ అయితే పెళ్లలు పెళ్లలుగా రాలిపోతాది. కాళ్లకు చెప్పులు, ముక్కుకు గుడ్డ ఉండాలి. తీసిన మేకులను ఒక డబ్బాలో వేయండి.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తు పెట్టుకోండి. పాత రంగు వేసిన కర్రను పొయ్యిలో పెట్టవద్దు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. సీసం పిల్లల మెదడుకు చేటు చేస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లకూ మంచిది కాదు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం చాలా తక్కువ ఉండాలని 2017 నవంబరు 1 నుంచి నియమం అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగును నమ్మలేం. ఆ రంగును పొడిగా గీకవద్దు. తడిపి గీకండి. పిల్లలను దూరంగా ఉంచండి. రాలిన పెచ్చులను తడిగుడ్డతో ఎత్తండి.

మూడో పని కొత్త చట్రం నిలబెట్టడం. కన్నం అంచులను దులపండి. నీళ్లు చిలకరించండి. చట్రాన్ని కన్నంలో పెట్టి, సందుల్లో సన్నని చెక్కముక్కలు దోపండి. అది నిలువుగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక దారానికి రాయి కట్టి పై నుంచి వదలండి. దారం ఎటూ వాలదు. చట్రం ఆ దారం పక్కనే నిటారుగా ఉండాలి. అడ్డం మట్టం చూడడానికి సగం నీళ్లు పోసిన సీసాను పడుకోబెట్టండి. అందులోని నీటి గీత చట్రం అంచుతో సమంగా ఉండాలి.

అప్పుడు ఇనప పట్టీలతో చట్రాన్ని గోడకు బిగించండి. ఇటుక గోడ అయితే సిమెంటు 1 పాలు, ఇసుక 4 పాళ్లు కలిపి సందులు పూడ్చండి. వారం రోజులు తడుపుతూ ఉండండి. మట్టిగోడకు సిమెంటు సరిగా అంటుకోదు. గడ్డి కలిపి తొక్కిన మట్టే పెట్టండి. అది బాగా ఆరేదాకా చెక్కముక్కలను కదపవద్దు. కిటికీ కింది గట్టు బయటికి కొంచెం వాలుగా ఉండాలి. లేకపోతే వాననీరు ఇంట్లోకి దిగుతాది. చట్రం కూడా తొందరగా పుచ్చిపోతాది.

నాలుగో పని వల. వలను చట్రానికి నేరుగా మేకులతో కొట్టేయవద్దు. సన్నని పట్టీలతో వేరే చట్రం చేసి దానికి బిగించండి. అప్పుడు తీసి కడగవచ్చు. వంటింటి వలకు నెల తిరిగేసరికి మసి పడుతుంది. మసి పట్టిన వలలోంచి గాలి రాదు.

రెక్కలకు గడియ గట్టిగా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస వైపు వచ్చింది. అలాంటి గాలి కిటికీలోంచి లోపలికి దూరితే కప్పును పైకి లేపేస్తుంది. ఒక్క గడియ చాలదు. పైన ఒకటి, కింద ఒకటి పెట్టించండి.

ఇంత పని ఆడవాళ్లు చేయగలరా అని ఎవరైనా నవ్వవచ్చు. ఇల్లు అలికేది, గోడకు మట్టి మెత్తేది ఎవరు? ఇళ్లు కట్టే చోట ఇటుకలు మోసేది, సిమెంటు కలిపి అందించేది ఎవరు? ఆడవాళ్లే. చేతికి పని కొత్త కాదు. కొలత ఒక్కటే వేరేవాళ్ల చేతిలో ఉండిపోయింది. టేపు మీద అంకె చదవడం వచ్చాక అది కూడా మీ చేతిలోకి వచ్చింది.

వచ్చే వారం కలిసేటప్పుడు ఒక పని చేసి రండి. మీ వంటింటి కిటికీని మూడు చోట్ల కొలవండి. కిటికీ లేకపోతే, "మా వంటింటికి కిటికీ లేదు" అని రాయండి. చీటీ కింద సంతకం చేయండి. ఆ చీటీలు ముందు పెట్టుకుని, ఏ ఇంటి పని ముందు మొదలుపెట్టాలో, ఎవరికి ఎవరు సాయం వెళ్లాలో అందరూ కలిసి నిర్ణయించుకోండి.