కొరమీను గాలానికి ఇదే టైం.. కానీ ఎర్ర గుంపు కనిపిస్తే ఆగండి

మళ్లీ మన కాట్రేనికోన చెరువు గట్టు మీదకి వచ్చేశాం. శివరాత్రి వెళ్లింది, చలి తగ్గింది. వేసవిలో కాలువలు కట్టేసేలోపు గాలానికి ఇదే టైం. బలుసుతిప్ప వైపు వెళ్తే ఉప్పునీళ్లు, అక్కడ కొరమీను కోసం చూడకండి. అందుకే ఊరి చెరువు. పాట పాడుకున్న బాబాయ్‌ని అడిగే వచ్చాను, మీరూ అడక్కుండా దిగొద్దు.

తెల్లారగట్ల నీళ్లు చల్లగా ఉంటాయి, చేప బద్ధకంగా ఉంటుంది. ఎండ ఎక్కాక గుర్రపుడెక్క అంచునే చూడండి. కొరమీను గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే, గుబుక్‌మని చప్పుడొస్తుంది. ఆ చోటు దాటించి రబ్బరు కప్పని వేసి మెల్లగా లాగాలి. పట్టగానే గుంజెయ్యొద్దు. ఒకటి, రెండు అనుకుని అప్పుడు. ఇది తెలిసేలోపు నేను ఎన్ని పోగొట్టుకున్నానో అడక్కండి!

ఇప్పుడు ఇటు చూడండి. నీటి మీద ఎర్రగా ఉడుకుతున్నట్టుందే, అవి కొరమీను పిల్లలు. ఎక్కువగా వానలకే పెడతాయి, ఇవి ముందే వచ్చేశాయి. కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. కప్ప వేస్తే ఆకలితో కాదు, పిల్లల కోసం కొడుతుంది. చాలా ఈజీ. పోయినేడు నేనూ అలాగే కేజీన్నర చేపని పట్టి వీడియో పెట్టా. లైకులూ బాగానే వచ్చాయి. మర్నాడు వచ్చి చూస్తే పిల్లల గుంపు లేదు. మిగతా చేపలు తినేసుంటాయి. ఆ వీడియో తీసేశాను.

అందుకే ఇక్కడ కప్ప వెయ్యట్లేదు. అవతలి గట్టున ఇందాక గుబుక్‌మంది, అటు వెళ్దాం రండి.