బ్రేకు ముందు, పవరు తర్వాత

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగం)

వెనక ప్రహరీ గోడ మీద తమ్ముళ్లు, చెల్లెళ్లు కూర్చున్నారు. మేమూ ఆ గోడ మీద కూర్చునే పెద్దవాళ్లమయ్యాం కాబట్టి దిగమని చెప్పే అర్హత నాకు లేదు.

కమిటీ వారు నాకిచ్చిన అంశం ‘ఆటోమొబైల్ రంగంలో ఉద్యోగావకాశాలు’. దాని మీద నాలుగు పేజీలు రాసుకున్నాను కూడా. కానీ నెల కిందట మన వాట్సాప్ గ్రూపులో ఒక తమ్ముడు వీడియో పెట్టాడు. రాత్రిపూట హైవే, పాటలు, స్పీడోమీటరు ముల్లు 180 మీద. కింద బొటనవేళ్ల వరస. బ్రేకుల తయారీలో పనిచేస్తానని తెలిసి, ఆ తర్వాత వారం రోజులు నాకు విడిగా మెసేజీలు వచ్చాయి. “అన్నా, రీమ్యాప్ చేయిస్తే ఎంత పవర్ పెరుగుతుంది?” “కొత్తగా ఏ స్పోర్ట్స్ కార్లు వస్తున్నాయి?” “ఎగ్జాస్ట్ మారిస్తే చాలా?” అందుకని ఆ నాలుగు పేజీలు సెక్రటరీ గారికిచ్చేశాను. సావనీర్‌లో వేసుకుంటారో, పకోడీలు కట్టుకుంటారో వారిష్టం. ఇవాళ కార్ల గురించే మాట్లాడతాను.

ముందే ఒక మాట. వేగం తప్పు అని చెప్పడానికి రాలేదు. నాకూ పిచ్చే. ఈ వయసులో కూడా మంచి ఇంజను శబ్దం వినిపిస్తే కాఫీ వదిలేసి బాల్కనీలోకి వెళతాను. మా ఆవిడ సాక్ష్యం.

నాకు బాగా ఇష్టమైన కారు నిస్సాన్ జీటీ-ఆర్. ఆర్35 అంటారు. 2007 చివర్లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది, 2025 ఆగస్టులో తోచిగి ఫ్యాక్టరీ నుంచి ఆఖరి కారు బయటికొచ్చింది. పద్దెనిమిదేళ్లు ఒకే మోడల్! మన దగ్గర సెల్‌ఫోను పద్దెనిమిది నెలలు నిలవదు. మొత్తం తయారైనవి సుమారు 48,000. ఇంజనును ఒక్కొక్క నిపుణుడు మొదటినుంచి చివరిదాకా తన చేత్తోనే కూర్చేవాడు. అలాంటి వాళ్లను వాళ్లు ‘తకుమి’ అంటారు. ఇన్నేళ్లలో ఆ పని చేసింది తొమ్మిదిమంది. ఇంజను మీద ఆ మనిషి పేరున్న చిన్న రేకు బిగించి ఉంటుంది. రేపు దానికేదైనా అయితే ఎవరి పేరు చూడాలో అందరికీ తెలుసన్న మాట. మన లెక్కల మాస్టారు దిద్దిన ప్రతి పేపరు కిందా పొడి అక్షరాలు పెట్టేవారు, గుర్తుందా?

ఆ కారు మొదట వచ్చినప్పుడు పవర్ 480. తర్వాత 530 అయింది, 570 దాకా వెళ్లింది. నిస్మో అనే రకంలో 600. ఈ అంకెలు కుర్రాళ్లందరికీ కంఠస్థం. వాళ్లు చూడని అంకె ఒకటుంది. 530కి పెంచిన మార్పులోనే ముందు చక్రాల బ్రేకు డిస్కు 380 మిల్లీమీటర్ల నుంచి 390కి పెరిగింది. నిస్మోకి ఆఖర్న కార్బన్ సెరామిక్ డిస్కులు వేసి 410కి తీసుకెళ్లారు. ఇంజను మీద పేరు చెక్కించుకున్నంత గర్వంగల వాళ్లు కూడా, పవర్ పెంచినప్పుడు ఆపే సంగతి కూడా చూసుకున్నారు. ఇది పట్టుకుంటే మీరడిగిన ప్రశ్నల్లో సగానికి జవాబు దొరికినట్టే.

కొత్తగా వచ్చే వాటి సంగతి. పోర్షే 911 మీకు తెలుసు, 1963 నుంచి ఉన్న వంశం. దాంట్లో టర్బో రకం 1975 మోడల్. టర్బో అంటే మన కమ్మరి కొలిమి తిత్తి లాంటిదే. తిత్తి ఊదితే నిప్పు రాజుకుంటుంది. ఇక్కడ ఆ ఊదే చక్రాన్ని తిప్పేది ఇంజను వదిలే పొగ. చిక్కేమిటంటే, యాక్సిలరేటర్ తొక్కాక పొగ పెరగాలి, చక్రం తిరగాలి, అప్పుడు గాలి రావాలి. ఆ పాత టర్బోలో తొక్కిన కాసేపటికి, సరిగ్గా మలుపు మధ్యలో, పవరంతా ఒక్కసారిగా వచ్చిపడేది. ఎంతోమంది డబ్బున్నవాళ్లు ఆ కారును పొలాల్లోకి నడిపారు.

2024లో వచ్చిన 911 జీటీఎస్‌లో ఆ టర్బో ఇరుసు మీదే ఒక ఎలక్ట్రిక్ మోటారు పెట్టారు. పొగ కోసం ఎదురుచూడకుండా మోటారే చక్రాన్ని ముందు తిప్పేస్తుంది. పొగ ఎక్కువైనప్పుడు అదే మోటారు జనరేటరులా కరెంటు తీసి బ్యాటరీలో వేస్తుంది. గేరుబాక్సులో ఇంకో మోటారు. అన్నీ కలిపి బరువు 50 కిలోలే పెరిగింది, జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ పెద్ద ట్రాకు మీద పాతదానికంటే 8.7 సెకన్లు ముందొచ్చింది. 2025లో టర్బో ఎస్‌కి అలాంటివి రెండు పెట్టి 711 పవర్ తీశారు. హైబ్రిడ్ అంటే మైలేజీ కోసం అనుకునే రోజులు పోయాయి.

టొయోటా వాళ్లు జీటీ-ఆర్ లాంటి పేరుతోనే, అక్షరాలు అటూ ఇటూ చేసి, జీఆర్ జీటీ అని ఒకటి 2025 డిసెంబరులో చూపించారు. నాలుగు లీటర్ల వీ8, రెండు టర్బోలు, ఒక మోటారు, కనీసం 650 పవర్ లక్ష్యం. 2027 ప్రాంతంలో తెస్తామంటున్నారు. ఫెరారీ కూడా తన తొలి పూర్తి ఎలక్ట్రిక్ కారు లోపలి వివరాలు 2025 అక్టోబరులో బయటపెట్టింది. నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు, వెయ్యికి పైగా పవర్, బరువు సుమారు 2,300 కిలోలు. ఆ బరువు దగ్గర నేను ఆగిపోతాను. 1989లో మాజ్డా వాళ్లు చూపించిన ఎంఎక్స్-5 టన్ను లోపే ఉండేది. పవర్ చెప్పుకోదగ్గది కాదు. అయినా పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. నా ఓటు ఇప్పటికీ దానికే.

మన దేశంలో అంటే, 2025లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ 53 లక్షలకు తెచ్చారు, 265 పవర్. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ వంద కార్లే తెప్పించారు. ఎంజీ సైబర్‌స్టర్ ఎలక్ట్రిక్, 510 పవర్, ముప్పావు కోటి. గోడ మీద వాళ్లు నవ్వుతున్నారు. నాకు తెలుసు, మీ బండి ఎనిమిది లక్షల హ్యాచ్‌బ్యాక్, అదీ నాన్నగారి పేరు మీద. అందుకే రీమ్యాప్ అడుగుతున్నారు.

రీమ్యాప్ అంటే ఇంజను కంప్యూటర్లో రాసి ఉన్న లెక్కలు మార్చడం. ఎంత ఇంధనం పోయాలి, టర్బో ఎంత ఊదాలి అన్నవి. టర్బో లేని పెట్రోలు బండికి చేయిస్తే మిగిలేది బిల్లు. టర్బో ఉన్నదానికైతే తేడా నిజంగానే తెలుస్తుంది. తెలుస్తుంది కాబట్టే నా కథ చెప్పాలి.

2012లో నాకొక డీజిల్ హ్యాచ్‌బ్యాక్ ఉండేది, నాలుగేళ్ల బండి. రీమ్యాప్ చేయించాను. మూడో గేర్లో తొక్కితే సీటు వెనక్కి తోసేది. నేను బ్రేకుల ఇంజనీరుని, గుర్తుంచుకోండి. పగలంతా టెస్ట్ రిగ్ మీద ప్యాడ్లు కాల్చే ఉద్యోగం. నా సొంత బండిలో మాత్రం బ్రేక్ ఆయిల్ కొన్ననాటిదే.

అది ఎందుకు ముఖ్యమో చెబుతాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హామీ 155కి పడిపోతుంది. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు, అందుకే మన కాలి బలం చక్రం దాకా వెళుతుంది. ఆవిరిని నొక్కితే కుంచించుకుపోతుంది. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వచ్చాయంటే మీరెంత తొక్కినా నొక్కుతున్నది బుడగల్నే.

ఆ డిసెంబరులో నలుగురం అరకు వెళ్లి, అనంతగిరి మీదుగా శృంగవరపుకోట వైపు దిగుతున్నాం. లెక్క వేద్దాం. మనుషులతో కలిపి 1,400 కిలోల బండి 600 మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. మాస్టారు నేర్పిన ఎంజీహెచ్. 82 లక్షల జౌళ్లు. రెండు పెద్ద బిందెల నీళ్లు మరిగించే వేడి. తక్కువ గేర్లో దిగితే అందులో మంచి భాగం ఇంజను మింగుతుంది. నేను అలా దిగలేదు. మలుపుకీ మలుపుకీ మధ్య కొత్త పవర్ రుచి చూస్తూ తొక్కడం, మలుపు దగ్గర గట్టిగా పట్టడం.

ఇక్కడ మన సైన్సు మాస్టారిని తలుచుకోవాలి. ముందు వరసలోనే ఉన్నారు. తొమ్మిదో తరగతిలో “వేగం రెట్టింపైతే గతిజశక్తి ఎంతవుతుంది?” అని అడిగితే “రెట్టింపు” అన్నాను. బెంచీ ఎక్కించారు. నాలుగు రెట్లు అని నాకు ఆ బెంచీ మీదే తెలిసింది. వంద మీద వెళ్లే బండిని 140కి తీసుకెళితే ముల్లు జరిగేది కొంచెమే, బ్రేకు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. ఇది తెలిసిన మనిషే ఆ ఘాట్ రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకున్నాడు.

ముందు కాలిన వాసన వచ్చింది. తర్వాత పెడల్ మెత్తబడింది. ఆ తర్వాతి మలుపులో నేలకు అంటుకుంది. గేరు తగ్గించాను, హ్యాండ్‌బ్రేకు లాగాను, చాల్లేదు. కుడివైపు లోయ. ఎడమవైపు కొండ. కొండకేసి రాసి ఆపాను. సరైన పనే చేశానని అందరూ అన్నారు. కానీ కొండవైపు కూర్చున్నది నేను కాదు. మా బావమరిది.

మీలో చాలామందికి అతను తెలుసు. మన స్కూలే, నాకంటే ఆరేళ్లు చిన్న. జిల్లా పోటీల్లో మన వాలీబాల్ జట్టుకు స్మాష్ కొట్టింది అతనే. ఆ తర్వాత అతని ఎడమ చెయ్యి భుజం పైకి లేవలేదు. నిన్న సాయంత్రం పాత జట్టు ఆడుతుంటే స్కోరు రాస్తూ కూర్చున్నది చూశారుగా.

బ్రేకులు ఫెయిలయ్యాయి అని అందరికీ చెప్పాను. అబద్ధం కాదు. రీమ్యాప్ సంగతి, ఆయిల్ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇన్సూరెన్స్ వాళ్ల ఫారం నింపలేదు, నింపితే రాసి ఇవ్వాలి కాబట్టి. మా మామగారు ఆ కంపెనీని ఆరు నెలలు తిట్టారు, నేను పక్కన కూర్చుని విన్నాను. ఇవాళ ఇది చెప్పాలనుకుని నిన్న రాత్రి ముందు అతనికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మెకానిక్ అప్పుడే చెప్పాడు బావా. నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నా” అన్నాడు.

కాస్త నీళ్లు తాగుతాను.

సరే. డబ్బు పెట్టాలనుంటే ఏ వరసలో పెట్టాలి? మొదట టైర్లు. బండి మొత్తం రోడ్డును తాకేది నాలుగు అరచేతులంత చోటు మీదే. మంచి టైరు వేస్తే పరుగు, మలుపు, ఆగడం మూడూ బాగుపడతాయి, ఇంకే విడిభాగమూ ఆ మూడూ ఇవ్వదు. తర్వాత బ్రేక్ ఆయిల్, రెండేళ్లకోసారి, బండి తిరిగినా తిరక్కపోయినా. ఆ తర్వాత ప్యాడ్లు. రేసు ప్యాడ్లు వేయకండి, అవి వేడెక్కితేగాని పట్టవు. మీరు పాలప్యాకెట్‌కి వెళ్లేటప్పుడు వేడెక్కవు. తేలికైన చక్రాలు, షాకబ్జార్బర్లు ఆ తర్వాత. ఎగ్జాస్ట్ అంటారా, దాని ఫలితం ముందు తెలిసేది పక్కింటి వాళ్లకి. పవర్ ఆఖర్న.

చట్టం కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు రాసి ఉన్నాయి. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం జరిగిన రోజు బయటపడుతుంది. నాన్నగారి పేరు మీదున్న బండి అన్నాను కదా, నోటీసు కూడా ఆ పేరు మీదే వస్తుంది.

మరి సరదా ఎక్కడ తీర్చుకోవాలి? చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాకుంది, కోయంబత్తూరులో కారి ట్రాకుంది. గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ మూడేళ్లు జరిగిన బుద్ధ్ సర్క్యూట్ ఉంది. మన హైదరాబాదులోనే 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది, ఫ్రాన్స్ కుర్రాడు వెర్న్ గెలిచాడు. నేను వెళ్లాను. నాకు నచ్చింది గెలుపు కాదు, గంటకు రెండు వందల పైచిలుకు వేగంతో వచ్చి మలుపు ముందు వాళ్లు ఆపిన తీరు. ట్రాకు మీద ఒక్క పూట నేర్చుకుంటే మీ మామూలు బండే మీరనుకున్నదానికంటే ఎంత వేగమైందో తెలుస్తుంది. మన సంఘం తరఫున ఏడాదికి పదిమందిని అలాంటి శిక్షణకు పంపిద్దామని కమిటీకి అర్జీ ఇచ్చాను. మొదటి జట్టు ఖర్చు నాది. ఆ వీడియో తమ్ముడు ఒప్పుకుంటే మొదటి పేరు అతనిదే.

భోజనాలయ్యాక షామియానా వెనక, వేపచెట్టు కింద ఉంటాను. బ్రేక్ ఆయిల్లో తేమ చూసే చిన్న మీటరు తెచ్చాను, పెన్నంత ఉంటుంది. ఎర్రదీపం వెలిగితే ఆయిల్ మార్చాల్సిందే. బండ్లు వరసగా తెచ్చి పెట్టండి, బానెట్లు ఎత్తి ఉంచండి. పేర్లు, నంబర్లు మా బావమరిది రాసుకుంటాడు. హెడ్మాస్టారి కారు ముందు చూద్దాం, అది పదకొండేళ్ల బండని ఇప్పుడే తెలిసింది.