గోడమీది శిలాఫలకము

చెన్నపట్టణమున హైకోర్టు తూర్పు ప్రహరీగోడకు ఒక చిన్న శిలాఫలకము కలదు. ఆ దారిన పలుమారు నడచియు మేము దానిని చదువలేదు. చదివిన నాడు మాత్రము ఎండనుగూడ మరచి నిలిచిపోతిమి. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అను జర్మను యుద్ధనౌక ఈ చోటుపై గుండ్లు కురిపించినదని అందలి వార్త.

ఆనాడు హైకోర్టు గోపురమే రేవునకు దీపస్తంభము. యుద్ధము మొదలై ఏడు వారములైనను ఆ దీపము నిశ్చింతగా వెలుగుచుండెను. రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతమున, అరగంటలో సుమారు 130 గుండ్లు! రేవుచెంత బర్మా ఆయిల్ కంపెనీ చమురుతొట్లు అంటుకొనినవి. మరణించినవారు కొలదిమందియే. కాని మరునాటినుండి రైళ్లలో కాలిడ చోటులేదు. సముద్రము ఇంగ్లీషువారిదన్న నమ్మకము ఆ మంటలలో సగము కాలిపోయినది.

నవంబరు 9న ఆస్ట్రేలియా నౌక సిడ్నీ, కోకోస్ దీవులకడ ఎమ్డెన్‌ను కూల్చినది. పేరుమాత్రము చావలేదు. అరవమున గడుసువానిని నేటికిని ‘ఎమ్డన్’ అందురు. తమను బెదరించిన ఓడపేరు మెచ్చుకోలగుట వింతయే. దొరలనుగూడ బెదరించెనను సంతోషము కొంత అందున్నదేమో!

మదరాసు ఆనాడు ఆంధ్ర జిల్లాలకును రాజధానియే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినప్పుడు మనవారును పెట్టెబేడలతో పల్లెలు పట్టిరి. నాటి బాంబొకటి విశాఖ మ్యూజియమున ఉన్నది. మీ యింట తొంబదియేండ్లు దాటిన పెద్దలున్నచో, ఆ దినమున ఏ బండిలో ఏ ఊరికి పోయిరో అడుగుడు.