బాలల పోటీలలో బహుమానములు
(మన సంఘ వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఉగాదినాడు మన హోసూరులో బాలబాలికలకు పద్యపఠనపు పోటీ జరుపుచున్నాము. మొదటి ముగ్గురికి కప్పులు, తక్కినవారికి చప్పట్లు. ఈ పద్ధతిని మార్చవలెనని కార్యవర్గము పక్షమున మేము ప్రతిపాదించుచున్నాము.

కారణము వినుడు. తమిళనాడులో 2006వ సంవత్సరపు చట్టము ననుసరించి, 2006-07లో ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట ఒక్కొక్క తరగతి చొప్పున, తమిళము విధిగా నేర్వవలసిన భాషయైనది. తమిళము నేర్చుట మంచిదే. తరతరములుగా ఈ నేలపై బ్రతుకుచున్న మనకు అది పరాయిది కాదు. కాని బడిలో తెలుగు చెప్పించుకొనని పిల్లవాడు వేమన పద్యమును తమిళ లిపిలో వ్రాసికొని వల్లించుచున్నాడు. ఆ లిపిలో క, గ లకు ఒకటే అక్షరము. ప, బ లకును అంతే. 'గంప' కాస్తా 'కంప' యగును, 'బండి' 'పండి' యగును. న్యాయనిర్ణేతలు ఉచ్చారణదోషమని మార్కులు తగ్గింతురు. అదే వేదికపై, ఉద్యోగరీత్యా ఇటీవల ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన కుటుంబపు బిడ్డ, అక్కడి బడిలో నేర్చిన పద్యమును గంగాప్రవాహమువలె చదువును. కప్పు ఆ బిడ్డకే. ఆ బిడ్డయు మన బిడ్డయే, సంతోషమే. అయినను రెండేండ్లు వరుసగా వట్టిచేతులతో ఇల్లు చేరిన పిల్లవాడు మూడవయేట రాడు. ఆ ఇంట తెలుగు అంతటితో వంటయింటి మాటగా మిగులును.

కావున 12 ఏండ్లలోపు వారికి ఒకటి, రెండు, మూడు అను వరుస వలదు. తెలుగు లిపిలో అచ్చయిన 10 పద్యములను చూచి తప్పులేక చదివి, అందు అయిదింటికి తన మాటలలో తాత్పర్యము చెప్పిన ప్రతి బిడ్డకును బహుమానము. ఇరువదిమంది నెగ్గిన ఇరువదిమందికి, ఇద్దరే నెగ్గిన ఇద్దరికే. నిరుడు అక్షరములు రాని బిడ్డ ఈ యేడు కూడబలుకుకొని చదివినచో, వేరుగా నొక బహుమానము. మా దృష్టిలో ఇదియే అన్నిటికంటె పెద్దది.

పోటీ లేనిదే పట్టుదల రాదని కొందరు పెద్దలు అనుచున్నారు. ఆ మాట త్రోసివేయము. 12 ఏండ్లు దాటినవారికి వరుస బహుమానము లుండనిండు. కందపద్యమునకు యతిప్రాసలు చూపగలవారు గట్టిగా పోటీపడుదురు గాక. ఎనిమిదేండ్ల పిల్లకు మాత్రము మరుసటి ఏడు మరల రావలెనను కోరిక పుట్టించిన చాలును.

ఇక ఖర్చు. వర్తకులము గనుక ఆ లెక్క చూడక మానము. కప్పులకు బదులు శతకములు, పెద్దబాలశిక్షలు కొన్నచో ఆ సొమ్ము ఎక్కువమందికి వచ్చును. కప్పుపై దాత పేరు పెద్ద అక్షరములతో చెక్కింతురు. బిడ్డ పేరు చెక్కించుట మరతురు! పుస్తకపు మొదటి పుటలో బిడ్డ పేరు తెలుగున వ్రాసి, దాని క్రింద దాత పేరు వ్రాయవచ్చును. కప్పు బీరువాపై కెక్కి కూర్చుండును. పుస్తకము చెల్లెలి చేతికి వచ్చును.

న్యాయనిర్ణేతలకును ఒక మనవి. మార్కుల కాగితము మడిచి దాచక, బిడ్డను దగ్గరకు పిలిచి తప్పిన అక్షరమును చూపవలెను.

వచ్చు ఉగాదినుండి ఈ పద్ధతి నడపుటకు సభవారి అనుమతి కోరుచున్నాము. అభ్యంతరము గలవారు ఇప్పుడే లేచి చెప్పుదురు గాక. సభ అంగీకరించినచో పద్యముల పట్టిక వచ్చు వారపు మన పత్రికలో పడును.