మా అమ్మ నలుపు, వైకుంఠం ఎరుపు

(మందమర్రి సభలో చేసిన ప్రసంగ పాఠం)



బొమ్మల గురించి మాట్లాడుతమంటే కొందరు నవ్విండ్రు. భూమి లేదు, కొలువు లేదు, బొమ్మలెందుకు సార్ అన్నరు. మా ఇంట్ల జరిగిన ముచ్చట ఇని మీరే చెప్పుండ్రి.

మా అమ్మ చనిపోయినంక గోడకు పెట్టెతందుకు ఫోటో పెద్దది చేయించినం. స్టూడియో ఆయన కంప్యూటర్ల మొఖం తెల్లగ జేసి ఇచ్చిండు. మేము చెయ్యమనలేదు, వద్దని గూడ అనలేదు. దండ వేసినం. మా చిన్నమ్మ వచ్చి చూసి "గీమె ఎవలు బిడ్డా?" అన్నది. డిగ్రీ చదివి, పిల్లలకు అంబేద్కర్ పాఠం చెప్పే మేము, కన్నతల్లి రంగును పైసలిచ్చి తుడిపించుకొని ఇంటికి తెచ్చుకున్నం.

1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టిండు. అటెన్క తెల్లని మొఖాల దేవతలు ఇంటింటి గోడకెక్కిండ్రు. అందమంటే గదే రంగని మన కండ్లకు అలవాటైంది. ఇయ్యాల బడిల అమ్మ బొమ్మ గియ్యమంటే మా పిల్లలు గులాబి రంగు క్రేయానే అందుకుంటరు. నల్లగ గీస్తే బాగుండదట.

గా పిల్లలకు తోట వైకుంఠం బొమ్మ ఒకటి చూపించినం. ఆయన 1942లో మన పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిండు. హైదరాబాదులో, బరోడాలో చదివిండు. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ ఆయన గురువు. ఆయన బొగ్గుతో గీసిన బొమ్మలు గూడ ఉన్నయి (మన బాయి బొగ్గు గాదు, కట్టెబొగ్గు). కాని పేరు తెచ్చినవి రంగుల్లో గీసిన తెలంగాణ ఆడోళ్ల మొఖాలే.

ఆ మొఖం చిక్కటి గోధుమ నలుపు. నొసట ఇంత పెద్ద ఎర్రబొట్టు. ఎర్రచీర, పసుపు, ఆకుపచ్చ. గా బొట్టునే తెల్లని మొఖానికి పెట్టి చూడుండ్రి, ఉత్త చుక్క లెక్కుంటది. ఈ నలుపు మీద నిప్పుకణిక లెక్క మండుతది. ఎరుపును ఎరుపుగ నిలబెట్టేది నలుపే. ఇది మనకు కొత్త గాదు. నల్లరేగడి మీద పత్తి ఎట్ల కనబడుతది? షిఫ్టు దిగి బాయి నుంచి పైకొచ్చిన అన్న మొఖంల కండ్లు ఎట్ల మెరుస్తయి? తంగేడు పక్కన గునుగు పేర్చేటోళ్లకు ఈ సంగతి ఒకరు నేర్పాల్నా?

ఇంకొకటి. ఆమె నోరు మూసే ఉంటది, కాని అది దొర ముందట మూసుకున్న నోరు గాదు. మెడ నిటారుగ ఉంటది, రెప్పలు బరువుగ ఉంటయి. చూసేటోన్ని మెప్పించే పని ఆమెకు లేదు. దొర ముందటి నోరు ఎట్లుంటదో ఆయనకు తెల్వదనుకోవద్దు. గడీల ఆడబిడ్డ బతుకు మీద 1988లో వచ్చిన 'దాసి' సినిమాకు కళా దర్శకత్వం చేసి జాతీయ అవార్డు తీసుకున్నది గీ వైకుంఠమే.

అయితే ఆయనతోని మాకు తగాదా గూడ ఉన్నది. గన్ని నగలు మన అవ్వల మెడల ఎన్నడున్నయి? ఎక్కువ బొమ్మల్లో చేతులకు పనే కనబడదు. నాట్లేసిన చేతులు, తట్టలు మోసిన చేతులు ఏవి? మన నలుపు పైసలున్నోళ్ల హాల్లల్ల వేలాడుతున్నది, మన గోడల మీద మాత్రం తెల్లపూత ఫోటో ఉన్నది. ఇందుల ఆయన తప్పెంత, మన తప్పెంత అని మేము ఇంకా తేల్చుకోలేదు.

గోడల మీద రాతలు రాసే మన తమ్మునికి మొన్న అమ్మ పాత ఫోటో ఇచ్చినం, తెల్లగ చెయ్యని అసలుది. నగలు పెట్టొద్దు, చేతులు కనబడాలె అన్నం. చీర ఏ రంగు సార్ అని అడిగిండు. మాకు యాదికి రాలేదు. చిన్నమ్మను అడిగితే, "ఎర్రదే బిడ్డా. నాట్లకు గదే కట్టుకొని వచ్చేది" అన్నది.

ఏప్రిల్ 14 నాటికి బొమ్మ అయితదట. ఇంటికి వచ్చి చూడుండ్రి.